తీయాల్సిన పోస్టు ఉంచేశాను, ఉంచాల్సింది తీసేశాను. అడ్మిన్‌గా ఇప్పుడేం చెయ్యాలి?

కలింగ కాకి
ఊరి పేరు చెప్పను. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఏదో ఒకచోట అనుకోండి. మా నాలుగు వీధుల తెలుగువాళ్ళకి ఒక వాట్సాప్ గ్రూపుంది. 214 మంది. నేనూ ఇంకొకాయనా అడ్మిన్లం. ఆయన పని కోసం సూరత్ వెళ్ళి రెండేళ్ళయింది, కాబట్టి నేనొక్కణ్ణే అనుకోండి.

పోయిన నెల ఒకే వారంలో రెండు జరిగాయి.

మొదటిది: మా వార్డు కాలువ పని మీద ఒక కుర్రాడు ఫొటోలతో రాశాడు. గోడ కట్టి నెల కాలేదు, పెచ్చులు లేచిపోయాయి. బొటనవేలి గోరుతో గీకితే ఇసుక జలజలా రాలుతోంది, ఆ గీకడం వీడియో తీసి పెట్టాడు. కౌన్సిలర్ పేరు రాసి "బిల్లు ఎంతయిందో చెప్పండి" అని అడిగాడు. తిట్టు లేదు, బూతు లేదు. గంట తిరక్కుండా కౌన్సిలర్ మనిషి నాకు ఫోను. "మీ తెలుగు గ్రూపులో ఏదో రాస్తున్నారంట, చదువుకున్నవాడివి, కాస్త బాధ్యతగా ఉండాలి కదా" అన్నాడు. బెదిరించలేదు. నేనే తీసేశాను.

రెండోది: మా వీధి చివర ఇడ్లీ బండి పెట్టుకునే ముసలామె. ఎవరో 11 సెకన్ల వీడియో పెట్టారు, "చట్నీలో పురుగు, పిల్లలకి పెట్టకండి, అందరికీ పంపండి" అని. దాన్ని ముట్టుకోలేదు. ఎవరి అభిప్రాయం వాళ్ళది, ఆపడానికి నేనెవర్ని అనుకున్నాను. అసలు మాట, నేనూ చూసి ఛీ అనుకున్నాను. తర్వాత పెద్దది చేసి చూస్తే అది పోపులో మాడిన ఎండుమిరపకాయ తొడిమ.

నాలుగో రోజు ఆమె మా ఇంటికొచ్చింది, మనవడి ఫోను పట్టుకుని. తెలుగామే, ఇంట్లో మాట్లాడేదీ తెలుగే. కానీ చదివిన నాలుగు క్లాసులూ ఒడియా బడిలో. తెలుగు అక్షరం రాదు. మనవడికీ రాదు. గుమ్మంలో నిలబడి "ఇందల నా గురించి ఏటి రాసినారు బాబూ, సదివి సెప్పు" అంది. 37 కామెంట్లు. చదివాను. కొన్ని మింగేసి చదివాను. "నువ్వు కొన్ని ఇడిసీసి సదువుతున్నావు" అంది.

ఇప్పుడు ఆ కుర్రాడు నన్ను అమ్ముడుపోయానంటున్నాడు. ఆమె కొడుకు కేసు పెడతానంటున్నాడు. భావ ప్రకటన స్వేచ్ఛ మీద హైస్కూల్లో వ్యాసం రాస్తే పదికి ఎనిమిది వేశారు నాకు. ఇప్పుడు ఎన్ని వేస్తారో మీరే చెప్పండి.

బరంపురం బామ్మర్ది
ముందు ఆ సూరత్ ఆయన్ని అడ్మిన్‌గా ఉంచెయ్. కేసు పడితే సగం ఆయనకి వెళ్తుంది.

వంశధార
ఫోను చేసినవాడు వాడిన మాట గమనించారా? బాధ్యత. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మా కాలేజీ హాస్టల్లో పప్పు నీళ్ళలా ఉందని ఫొటో పెట్టాను. నాన్నని పిలిపించారు. ఆయన గునుపురం నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. "మీవాడికి బాధ్యత లేదు" అన్నారు. క్షమాపణ కాగితం వాళ్ళే టైపు చేసి ఉంచారు, నాది సంతకం ఒక్కటే. పప్పు మాత్రం ఏం చిక్కబడలేదు.

నేననేది, ఏ పోస్టూ తీయకూడదు. కాలువదీ ఇడ్లీదీ రెండూ ఉంచాల్సింది. అబద్ధం రాస్తే పక్కనే నిజం రాయాలి గానీ చెరిపేయడం ఏంటి?

జయపురం టీచరమ్మ
పక్కన నిజం ఎవరు రాయాలి బాబూ? ఆమెకి చదవడమే రాదని పైన రాశాడు కదా.

నా సంగతి చెప్తాను. నేను ఒక పిల్లాణ్ణి స్కేలుతో చేతి మీద వాత తేలేలా కొట్టానని తల్లిదండ్రుల గ్రూపులో రాశారు. ఆ రోజు నేను శెలవులో ఉన్నాను, రిజిస్టర్లో ఉంది. హెడ్మాస్టరు గారికి చూపించాను, ఆయన నమ్మారు. కానీ గ్రూపులో నేను లేను, టీచర్లని చేర్చరు. నా మీద నడిచిన గొడవంతా నాకు స్క్రీన్‌షాట్లుగా వచ్చింది, అదీ సగం సగం. వాత ఇంట్లో పడిందని పది రోజులకి తేలింది. దాని గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. తప్పు ఒప్పుకోవడం కాదు, కనీసం "అది కాదంట" అని కూడా లేదు. రెండేళ్ళయినా రేషన్ షాపు దగ్గర ఒకావిడ నన్ను చూసి పిల్లాణ్ణి ఇటుపక్క నుంచి అటుపక్కకి మార్చుకుంటుంది.

వంశధార
అమ్మా, మీ బాధ నాకు అర్థమయింది. కానీ మీ హెడ్మాస్టరు చేతిలో చెరిపే అధికారం ఉంటే ఆయన మొదట దేన్ని చెరుపుతాడు? మిమ్మల్ని తిట్టినదాన్నా, స్కూల్లో మరుగుదొడ్డి లేదని రాసినదాన్నా?

జయపురం టీచరమ్మ
మరుగుదొడ్డిదే. ఒప్పుకుంటున్నా.

సిరొంచ సోపతి
కాకన్నా, కేసు గురించి బుగులు వడకు. మాది గడ్చిరోలి జిల్లా, మాకు హైకోర్టంటే నాగ్‌పూర్ బెంచే. గోందియా జిల్లా కేసుల 2021ల ఆ బెంచే చెప్పింది, గ్రూపుల ఒకడు అడ్డమైన మాట రాస్తే అడ్మిన్‌ను జిమ్మేదార్ చెయ్యరాదని. అడ్మిన్ చేతుల ఉండేది మనుషులను కలుపుడు, తీసుడు, గంతే. ఇద్దరు కలిసి అనుకుని చేసిండ్రని తేలితే వేరే ముచ్చట. కేరళ హైకోర్టు సుత 2022ల గట్లనే అన్నది.

పాత ప్లీడరు
సోపతి చెప్పింది నిజమే, కానీ ఒక మెలిక ఉంది. ఆ తీర్పులు వచ్చేనాటికి ఇంకొకరి పోస్టు చెరిపే మీట అడ్మిన్ చేతిలో లేదు. అది 2022 ఆగస్టు ప్రాంతంలో వచ్చింది. "ముందుగా చూసి ఆపే వీలు అడ్మిన్‌కి లేదు" అన్న మాట ఇప్పటికీ నిజమే. కానీ "తెలిశాక కూడా ఎందుకు ఉంచావు" అని ఎవరైనా అడిగితే ఇదివరకటంత గట్టిగా జవాబు చెప్పలేం. పైగా మనవాడు కాలువ పోస్టు చెరిపి, మీట నొక్కడం తనకి తెలుసని తానే చూపించుకున్నాడు.

బరంపురం బామ్మర్ది
ప్లీడరు గారు మనవైపా, అవతలివైపా?

పాత ప్లీడరు
ఫీజు ఇచ్చినవాడి వైపు. ఇక్కడ ఎవరూ ఇవ్వలేదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను.

దెగ్లూర్ దోస్త్
మీరందరూ కేసు గురించే మాట్లాడుతున్నరు. మాది నాందేడ్ జిల్లా, అవతల బీదర్. 2018 జులైల హైదరాబాద్ నుంచి దోస్తులు కొందరు కార్ల బీదర్ దిక్కు పల్లెకు వచ్చిండ్రు. బడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిండ్రు. పిల్లలను ఎత్తుకపోయేటోళ్ళని వాట్సాప్‌ల పెట్టిండ్రు. వీళ్ళు కార్ల పోతుంటే, ఆ వీడియో ముందే పోయి ముర్కి అనే ఊర్ల ఆగింది. తొవ్వకు అడ్డం చెట్టు వేసిండ్రు. ఒక సాఫ్ట్‌వేర్ పిలగాడు పానం వోగొట్టుకున్నడు. అరెస్టయినోళ్ళల్ల గ్రూపు అడ్మిన్ కూడా ఉండె.

అదే నెల ఒకటో తారీఖు ధూలే జిల్లా రైన్‌పాడల ఐదుగురిని చంపిండ్రు, అదే పుకారు. ఊరూరు తిరిగి అడుక్కునే గోసావీలు వాళ్ళు. మా నాయన తెలుగు బైరాగి పాటలు పాడుకుంట మూడు జిల్లాలు తిరిగేటోడు. ఆ నెలంత ఇంట్లకెళ్ళి బయటికి పోనియ్యలె మేము. ఆయనకు కోపం, "నలభై ఏండ్లు తిరిగిన తొవ్వ, నన్నెవరు ఏమంటరు" అని. ఆ తొవ్వల ఫోన్లు వచ్చినయని ఎట్ల చెప్పాలె ఆయనకు?

మౌనముని
ఐదుగురికి మించి ఫార్వర్డ్ వెళ్ళకుండా కట్టడి పెట్టింది ఆ గొడవల తర్వాతే కదా?

దెగ్లూర్ దోస్త్
అవును, 2018 జులైలనే, ముందు మన దేశంలనే పెట్టిండ్రు. తర్వాత లోకమంతా.

వంశధార
ప్రాణాలు తీసే పుకార్నీ చట్నీ వీడియోనీ ఒకే గాటన కట్టకండి. అలా కట్టడం మొదలుపెడితే రేపు కాలువ పోస్టుని కూడా "శాంతిభద్రతలు" అని అదే గాటన కడతారు. కట్టారు కూడా. 2012లో పాల్ఘర్‌లో ముంబై బంద్ మీద ఫేస్‌బుక్‌లో రాసిన పిల్లనీ, దానికి లైక్ కొట్టిన పిల్లనీ అరెస్టు చేశారు. లైక్ కొట్టినందుకు!

పాత ప్లీడరు
అదే కేసు వేడిలో ఐటీ చట్టం 66ఏ, అంటే ఆన్‌లైన్లో చిరాకు కలిగించేలా రాస్తే జైలనే సెక్షన్, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2015 మార్చి 24న కొట్టేశారు. వంశధార చెప్పినదాంట్లో పస ఉంది. కోర్టు మూడు మెట్లు గీసింది. చర్చించడం ఒకటి, వాదించి ఒప్పించబోవడం రెండు, ఉసిగొల్పడం మూడు. మూడో మెట్టు ఎక్కితేనే చట్టం చెయ్యి వెయ్యాలి, చిరాకు కలిగించిందనో ఇబ్బంది పెట్టిందనో కాదు.

ఇక అసలు చిక్కు. రాజ్యాంగం 19(1)(ఏ) స్వేచ్ఛ ఇచ్చింది, 19(2) ఎక్కడ ఆపొచ్చో చెప్పింది. దేశ సమగ్రత, భద్రత, విదేశీ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి పురికొల్పడం. ఈ జాబితాలో "కౌన్సిలర్ గారి మనసు కష్టపెట్టుకోవడం" లేదు.

పరువునష్టం కూడా చూడండి. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. ఇది పోలీసులు నేరుగా ఎత్తుకుపోయే కేసు కాదు, మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు వేసుకోవాలి. అందులో మినహాయింపులున్నాయి. ప్రభుత్వ పని చేసేవాడు ఆ పని ఎలా చేశాడన్న దాని మీద మంచి నమ్మకంతో అభిప్రాయం చెబితే నేరం కాదు. నిజమైన మాట, అదీ నలుగురి మేలుకి చెబితే నేరం కాదు. కాలువ పోస్టు ఈ రెండు గొడుగుల కిందికీ వస్తుంది. తొడిమని పురుగన్న వీడియో ఏ గొడుగు కిందికీ రాదు. అంటే ఎవరి మీద గట్టిగా మాట్లాడొచ్చో చట్టం చెప్పింది, మన కాకి గారు దాన్ని తిరగేశారు.

కలింగ కాకి
ఇది చదివాక కడుపులో దేవినట్టయింది. నేను చట్టం చూసి చెయ్యలేదు, భయం చూసి చేశాను. కౌన్సిలర్ మనిషి ఫోను చేశాడు, తీసేశాను. ఆమె ఫోను చెయ్యలేదు. ఆమెకి ఫోనే లేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. "మీ తెలుగు గ్రూపు" అన్నాడే, ఆ మాటకే సగం జారిపోయాను. పుట్టింది ఇక్కడ, ఓటు ఇక్కడ, మా తాత చెక్కిన తలుపు చెక్కలు ఇక్కడి గుడికి ఉన్నాయి. అయినా ఎవరైనా "మీ తెలుగు" అనేసరికి చుట్టపుచూపుగా వచ్చినవాడిలా ఒదిగిపోతాం. చుట్టం వంట బాగోలేదని అనకూడదు కదా.

పాత ప్లీడరు
రాజ్యాంగంలో 350వ అధికరణ చూడండి. ఏ అధికారికైనా సరే, కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా మొర పెట్టుకోవచ్చు. కాలువ గురించి తెలుగులో కాగితం ఇచ్చే హక్కు మీకుంది.

బరంపురం బామ్మర్ది
ఇవ్వొచ్చు. చదివేవాణ్ణి కూడా మనమే తీసుకెళ్ళాలి.

పర్లాకిమిడి పంతులు
మా ఊళ్ళో గిడుగు రామమూర్తి గారు 1880లో బడిపంతులుగా చేరి 1936 దాకా ఉన్నారు, ఊరు ఒడిశాలో కలిసేదాకా. వాడుక భాష కోసం పండితులందరితో పేచీ పెట్టుకున్నారు. సొంత ఖర్చుతో పత్రిక నడిపారు. గ్రాంథికమే రాయాలన్న వాళ్ళ పుస్తకాలు తెరిచి, మీరే మీ వ్యాకరణం ప్రకారం రాయలేకపోయారు చూడండి అని వాళ్ళ వాక్యాలు ఎత్తి చూపేవారు. మనిషి మీద కాదు, వాక్యం మీద. అవతల గ్రాంథికం వైపు నిలబడ్డ జయంతి రామయ్య పంతులు గారు కూడా తక్కువేం తినలేదు. తిట్టుకున్నారా అంటే గట్టిగానే అనుకున్నారు. కానీ రాసినదాని కింద పేరు ఉండేది. మీ పురుగు వీడియో కింద పేరుందా?

బరంపురం బామ్మర్ది
అప్పట్లో గుడ్ మార్నింగ్ మెసేజీలు ఉండుంటే ఆయనకి అక్కడి కొండల్లోని సవరల భాష నేర్చుకునే తీరిక దొరికేది కాదు.

వంశధార
పంతులు గారూ, పేరు పెట్టి రాసే ధైర్యం అందరికీ ఉండదు. కాలువ కుర్రాడు పేరుతోనే రాశాడు, ఏమైంది? నేను ఇక్కడ వంశధార అని రాస్తున్నా, మీరు పర్లాకిమిడి పంతులు అని రాస్తున్నారు.

పర్లాకిమిడి పంతులు
దొరికిపోయాను.

పాత ప్లీడరు
ఇంకో ముచ్చట, సరిహద్దువాళ్ళం కాబట్టి. 1950లో మద్రాసు ప్రభుత్వం బొంబాయి నుంచి వచ్చే ఒక వారపత్రిక తమ రాష్ట్రంలోకి రాకూడదని ఆపింది. సుప్రీంకోర్టు చెల్లదంది. మరుసటి ఏడు, 1951లో, రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి "శాంతిభద్రతలు" అన్న మాట 19(2)లో చేర్చారు. "సహేతుకమైన" అన్న మాట కూడా అప్పుడే పెట్టారు. అప్పటికి ఇచ్ఛాపురం మద్రాసు రాష్ట్రం, బరంపురం ఒడిశా. అంటే ఆ పత్రిక బరంపురంలో చదవొచ్చు, పాతిక కిలోమీటర్లు దాటి ఇచ్ఛాపురంలో చదవకూడదు.

బరంపురం బామ్మర్ది
ఇప్పుడు ఆ పాతిక కిలోమీటర్లలో వేరే సరుకు దాటుతోంది లెండి. దానికీ స్వేచ్ఛే కావాలంటారు.

మౌనముని
నాలుగేళ్ళుగా ఇక్కడ చదువుతున్నా, రాసింది తక్కువ. ఇది రాయకపోతే నిద్ర పట్టదు. కాకి గారి ఊరూ నా ఊరూ ఒకటి కాకపోవచ్చు. కానీ మా గ్రూపులోనూ ఇలాగే ఒక టీ కొట్టు ఫొటో వచ్చింది, కెటిల్‌లో బల్లి అని. నేను ఒక్క అక్షరం రాయలేదు. వాంతి చేసుకునే బొమ్మ ఒకటి పెట్టాను. బొమ్మే కదా. ఆ కొట్టు ఇప్పుడు లేదు, అక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. ఎందుకు మూసేశాడో నాకు తెలీదు, అద్దె పెరిగి కూడా కావొచ్చు. అద్దె పెరిగిందనే అనుకుంటున్నాను.

సిరొంచ సోపతి
ఇదంతా ఎందుకు, సెట్టింగుల "అడ్మిన్లే పంపాలె" అని పెట్టుకో. లొల్లి ఖతం.

జయపురం టీచరమ్మ
వద్దు. మా గ్రూపులో అదే చేశారు. ఇప్పుడు అందులో వచ్చేవి ఫీజు గడువు, జెండా పండుగ ఫొటోలు. మాట్లాడుకునేవాళ్ళంతా నేను చూడలేని ఇంకో గ్రూపు పెట్టుకున్నారు. ముందు సగం స్క్రీన్‌షాట్లైనా వచ్చేవి.

కాకీ, ఒకటి చెయ్. వీడియో తీసెయ్, కానీ తీసేసి ఊరుకోకు. పత్రికవాళ్ళు మొదటి పేజీలో తప్పు రాసి ఏడో పేజీ మూల సవరణ వేస్తారే, అలా కాదు. ఏ గ్రూపులో అన్నారో అదే గ్రూపులో, అందరూ చూసే వేళకి. రాయొద్దు. వాయిస్ పెట్టు. రాస్తే ఆమె చదవలేదు, మళ్ళీ నీ గుమ్మంలోనే నిలబడాలి.

వంశధార
వాయిస్ మాట బాగుంది. వీడియో మాత్రం తీయొద్దని ఇప్పటికీ అంటాను. "ఇది తొడిమ" అని దాని కిందే చెప్పాలి.

జయపురం టీచరమ్మ
ఆ వీడియో నీ అమ్మ మీద అయితే?

వంశధార
…తీసేయమంటాను. కానీ అది నా బలహీనత, నియమం కాదు.

దెగ్లూర్ దోస్త్
నియమాలు రాసేటోళ్ళకు అమ్మలు ఉండరా తమ్మీ?

పాత ప్లీడరు
కాలువ కుర్రాడికి నా మాటగా చెప్పండి. గోరుతో గీకిన వీడియో బాగుంది, దాని పక్కన కాగితం ఉంటే ఇంకా బాగుంటుంది. సమాచార హక్కు చట్టం, 2005. ఒడిశాలో ఫారం ఏ నింపాలి, పది రూపాయల ఫీజు. అంచనా ఎంత, బిల్లు ఎంత, కొలతల పుస్తకం నకలు, ఈ మూడూ అడగమనండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

కలింగ కాకి
పది రోజులు కనపడలేదు, క్షమించండి. జరిగింది చెప్తాను.

వీడియో తీసేశాను. రాత్రి ఎనిమిదిన్నరకి, అందరూ ఫోను పట్టుకునే వేళకి వాయిస్ పెట్టాను. నాలుగుసార్లు రికార్డు చేసి చెరిపాను, ఐదోది పంపాను. అది తొడిమ అని, చూసి కూడా ఉంచింది నేనేనని, కాలువ పోస్టు తీసింది ఒక ఫోనుకి జంకి అని, రెండూ చెప్పాను. 214 మందిలో ఇద్దరు బొటనవేలు పెట్టారు. ఆరుగురు గ్రూపులోంచి వెళ్ళిపోయారు, అందులో వీడియో పెట్టినవాడొకడు.

కుర్రాడిని మళ్ళీ పోస్టు చెయ్యమన్నాను. "నీ గ్రూపులో ఎందుకు, ఫారం ఏ వేశాను" అన్నాడు. ఇంకా జవాబు రాలేదు, గడువుంది. కౌన్సిలర్ మనిషి మళ్ళీ ఫోను చేశాడు. ఎత్తలేదు. ధైర్యమని కాదు, ఏం మాట్లాడాలో తెలీక.

వాయిస్ పట్టుకుని నేనే బండి దగ్గరికి వెళ్ళాను. రద్దీ తగ్గాక వినిపించాను. చట్నీ గిన్నె మీద మూత పెట్టి, ఆఖరిదాకా విన్నది. "బాగనే సెప్పినావు. ఈడియో తీసినోడి పేరు సెప్పనేదేటి?" అంది. చెప్పలేదు. అది కూడా చెప్పేస్తే వాడి ఇంటి మీదకి 200 మంది వెళ్తారని భయం. అదే చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, పక్కవాడికి ప్లేటు అందించింది. కొడుకు కేసు మాట మళ్ళీ ఎత్తలేదు, మానేశాడో లేదో తెలీదు. బేరం సగం వెనక్కొచ్చింది. మిగతా సగం రాలేదు.

వంశధార
పేరు చెప్పకపోవడం సరైన పనే. ఇది రాయడం నాకే వింతగా ఉంది.

పర్లాకిమిడి పంతులు
వ్యాసానికి పదికి ఐదు వేస్తున్నా. వాయిస్‌కి ఏడు.

బరంపురం బామ్మర్ది
బేరం మిగతా సగం మేం తెస్తాం. నలుగురం బైకుల మీద వచ్చి తింటాం. బండి ఎక్కడో చెప్పు.

కలింగ కాకి
చెప్పను. బండి చెబితే ఊరు తెలిసిపోతుంది, ఊరు తెలిస్తే కౌన్సిలర్ తెలిసిపోతాడు.

బరంపురం బామ్మర్ది
సరే, చట్నీ పల్లీదా కొబ్బరిదా, అదైనా చెప్పు.

కలింగ కాకి
పల్లీ. ఎండుమిరపకాయ ఇప్పుడు తొడిమ తీసి వేస్తోంది.